టర్బో ల్యాగ్ తగ్గాలంటే ఎగ్జాస్ట్‌లో ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

యాక్సిలరేటర్ తొక్కాక బండి ఓ క్షణం తటపటాయించి, ఆ తర్వాత వెనక నుంచి ఎవరో తోసినట్టు లాగితే దానికి అందరూ పెట్టే పేరు టర్బో ల్యాగ్. నిజానికి ఆ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు జబ్బులు తిరుగుతుంటాయి. షెడ్లలో రాసే మందు మాత్రం ఒకటే, మూడంగుళాల డౌన్‌పైప్ (టర్బో నుంచి గ్యాస్‌ను బయటికి తీసుకెళ్లే మొదటి గొట్టం). అది ఒక జబ్బుకు బాగానే పనిచేస్తుంది, ఇంకోదానికి కొద్దిగా పనిచేస్తుంది, మూడోదాన్ని తాకను కూడా తాకదు. అందుకే విడిభాగాల సంగతి కాసేపు పక్కనపెట్టి రోగ నిర్ధారణతో మొదలుపెడదాం.

ఉదాహరణకు స్కోడా ఆక్టావియాను తీసుకుందాం: 1.8 టీఎస్ఐ, 2.0 లీటర్ల ఆర్‌ఎస్ 230, 2020లో మన దేశానికి 200 మాత్రమే వచ్చిన ఆర్‌ఎస్ 245. ఇంజిన్ మూడింటిలోనూ ఈఏ888 మూడో తరమే. టర్బో, గేర్‌బాక్స్ వేరు కావడంతో ఒకదానికి సరిపడే సలహా ఇంకోదానికి దండగ అవుతుంది.

జబ్బు ఏది?

మొదటిది బూస్ట్ థ్రెషోల్డ్, అంటే బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి అదనంగా నెట్టే గాలి పీడనం) మొదలయ్యే హద్దు. ఇంజిన్ కొంత ఆర్‌పీఎం దాటితే తప్ప టర్బైన్‌ను (గ్యాస్ తోపుతో తిరిగే టర్బో చక్రాన్ని) సరిగా తిప్పేంత ఎగ్జాస్ట్ గ్యాస్ రాదు. ఆరో గేరులో 1,200 దగ్గర పూర్తిగా తొక్కి "పికప్ లేదు" అంటే అది ల్యాగ్ కాదు, గేరు తప్పు.

రెండోది అసలైన ల్యాగ్. ఇంజిన్ 3,000 దగ్గర నిలకడగా తిరుగుతోంది, గ్యాస్ కావలసినంత ఉంది. అయినా మీరు తొక్కిన క్షణానికీ బూస్ట్ పూర్తిగా ఎక్కిన క్షణానికీ మధ్య ఆలస్యం ఉంటుంది. టర్బైన్, షాఫ్ట్, గాలిని నొక్కే కంప్రెసర్ చక్రం కలిసి వేగం పుంజుకోవాలి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌నూ పైపులనూ గాలి నింపాలి. ఆ సమయమే ల్యాగ్.

మూడోదానికి టర్బోతో సంబంధమే లేదు. డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ డీ మోడ్‌లో 1,500 దగ్గరే పై గేరుకు వెళ్లిపోతుంది. తొక్కగానే రెండు గేర్లు దిగాలి, క్లచ్ పట్టాలి, పెడల్ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవాలి. 1.8 టీఎస్ఐ గురించి వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద భాగం ఇదే. ఆ బండి కంపెనీ లెక్క ప్రకారమే 1,250 ఆర్‌పీఎం నుంచి 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. టర్బో చిన్నది, త్వరగా తిరుగుతుంది. ఏడు గేర్ల పొడి క్లచ్ డీక్యూ200 గేర్‌బాక్స్‌కు కంపెనీ పెట్టిన హద్దు కూడా ఆ 250 దగ్గరే. ఇలాంటి బండికి ల్యాగ్ పేరుతో డౌన్‌పైప్ వేయించడం కాలు నొప్పికి కళ్లజోడు మార్చడం లాంటిది. ఎస్ మోడ్‌లోనో, గేరు మీరే మార్చుకుంటూనో ఒక వారం నడపండి. ఆలస్యం మాయమైతే జేబులో డబ్బు జేబులోనే ఉంచుకోండి.

ఆర్‌ఎస్ సంగతి వేరు. 230లో 350 న్యూటన్ మీటర్లు, 245లో 370, రెండిటికీ తడి క్లచ్ గేర్‌బాక్స్. టర్బో కాస్త పెద్దది కాబట్టి ఎగ్జాస్ట్ మారిస్తే తేడా కొలవగలిగేంత వస్తుంది. గోల్ఫ్ ఆర్‌లో వచ్చే ఐఎస్38 టర్బోను ఆర్‌ఎస్‌లో పెట్టించిన వాళ్లకైతే ఈ పని తప్పనిసరి. ఆ టర్బో పై ఆర్‌పీఎంలో ఎంత ఇస్తుందో కింద అంత తీసేసుకుంటుంది.

కొలత లేకుండా స్పానర్ పట్టొద్దు

ఓబీడీ స్కానర్‌తో (బండి కంప్యూటర్ నుంచి రీడింగులు చదివే పరికరంతో) ఐదే ఐదు విలువలు రికార్డు చేయండి: ఆర్‌పీఎం, పెడల్ శాతం, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కోరిన బూస్ట్, నిజంగా వచ్చిన బూస్ట్, వేస్ట్‌గేట్ (గ్యాస్‌ను టర్బైన్ పక్కనుంచి మళ్లించే తలుపు) స్థానం. ఎక్కువ విలువలు పెడితే సెకనుకు వచ్చే రీడింగులు తగ్గిపోతాయి. సెకనుకు ఐదుకన్నా తక్కువ వస్తే ల్యాగ్ కొలవడానికి ఆ లాగ్ పనికిరాదు. చవక బ్లూటూత్ పరికరాలు చాలావరకు ఇక్కడే చేతులెత్తేస్తాయి.

ఈ బండ్లలో స్కానర్ చూపే బూస్ట్ వాతావరణ పీడనంతో కలిపి ఉంటుంది. ఇంజిన్ ఆపి తాళం మాత్రమే తిప్పి చూస్తే విశాఖలో సుమారు 1,010 మిల్లీబార్లు, హైదరాబాద్‌లో 950, బెంగళూరులో 910 చూపిస్తుంది. దాన్ని తీసేస్తేనే అసలు బూస్ట్. ఈ తేడాను చిన్నచూపు చూడొద్దు. విశాఖ నుంచి బెంగళూరు వెళ్లిన బండికి అదే టర్బో పది శాతం పలచని గాలితో పనిచేయాలి, కాబట్టి ల్యాగ్ కూడా కాస్త పెరిగినట్టే ఉంటుంది. ఎండ కూడా అంతే. 43 డిగ్రీల మే మధ్యాహ్నపు గాలి, 15 డిగ్రీల డిసెంబరు ఉదయపు గాలికన్నా సుమారు 9 శాతం పలచన. వేసవిలో పాత పైపుతో ఒక కొలత, చలికాలంలో కొత్త పైపుతో ఇంకో కొలత తీసుకుని "అదిరిపోయింది" అనే వాళ్లు మెచ్చుకోవాల్సింది వాతావరణాన్ని.

పరీక్షలు రెండు. మొదటిది థ్రెషోల్డ్ కోసం. మూడో గేరు, మాన్యువల్ మోడ్, 1,500 దగ్గర నిలకడ, అక్కడి నుంచి పూర్తిగా తొక్కి 4,000 దగ్గర వదిలేయండి. బూస్ట్ 1 బార్ దాటిన ఆర్‌పీఎం రాసుకోండి. రెండోది ల్యాగ్ కోసం. అదే గేరులో 3,000 దగ్గర ఐదు సెకన్లు నిలకడగా నడిపి తొక్కండి. పెడల్ 90 శాతం దాటిన క్షణం నుంచి, కోరిన బూస్ట్‌లో 90 శాతం వచ్చిన క్షణం వరకు ఎంత సమయమో చూడండి. ఒక్కోటి మూడుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. పెడల్ అడుగున 'టక్' మనే కిక్‌డౌన్ స్విచ్ నొక్కుకుంటే మాన్యువల్ మోడ్‌లో ఉన్నా గేరు దిగిపోయి లెక్క పాడవుతుంది, దానికి కాస్త పైనే ఆపండి. వీలైతే ఇదంతా డైనో (బండి ఉన్నచోటే చక్రాలు తిప్పి శక్తి కొలిచే యంత్రం) మీదో, ట్రాక్ మీదో చేయండి. అవుటర్ రింగ్ రోడ్డు టెస్ట్ ట్రాక్ కాదు.

లాగ్‌లో కోరిన బూస్టే నెమ్మదిగా పెరుగుతుంటే, వచ్చిన బూస్ట్ దాన్ని అంటిపెట్టుకునే ఉంటే, ఆలస్యం సాఫ్ట్‌వేర్‌ది. పైపులు ఏం చేయలేవు. కోరిన గీత నిటారుగా లేచి, వచ్చిన గీత వెనకబడితేనే ముందుకు వెళ్లాలి.

ముందు లీకులు

గీత వెనకబడడానికి మొదటి అనుమానితురాలు లీకేజీ. పీ0299 అనే తక్కువ బూస్ట్ కోడ్ రాకముందే చిన్న లీకు స్పూల్‌ను (టర్బో వేగం పుంజుకోవడాన్ని) మందగింపజేస్తుంది. లీకులు రెండు వైపులా ఉంటాయి.

గాలి వైపు: ఎయిర్ ఫిల్టర్ దగ్గర పైపు విప్పి, టర్బో ముఖానికి మూత బిగించి, షెడ్‌లోని గాలి కంప్రెసర్‌తో 1 బార్ వరకు నెమ్మదిగా ఎక్కించండి. అంతకు మించితే క్రాంక్ సీళ్లకు ప్రమాదం. ఇంటర్‌కూలర్ పైపుల జాయింట్లు, డైవర్టర్ వాల్వ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన బూస్ట్‌ను మళ్లించేది), థ్రాటిల్ బాడీ మీద సబ్బునీళ్లు కొట్టి బుడగలు చూడండి. డైవర్టర్ వాల్వ్ లోపలి రబ్బరు చిరగడం పాత బండ్లలో మామూలే. ఆ ఒక్క భాగం మారిస్తే పోయే ల్యాగ్‌కు ఎగ్జాస్ట్ మొత్తం మార్చేసిన వాళ్లున్నారు.

ఎగ్జాస్ట్ వైపు: టర్బైన్‌కు ముందు లీకైన గ్యాస్ టర్బైన్‌ను తిప్పకుండానే బయటికి పోతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే 'టిక్ టిక్' మని వినిపించి, వేడెక్కాక తగ్గితే అనుమానించండి. లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది, జబ్బు నయమైనట్టు నటిస్తుంది. ఫ్లాంజ్ (జాయింట్ అంచు) చుట్టూ మసి చారలు దానికి సాక్ష్యం. చల్లటి బండిలో వ్యాక్యూమ్ క్లీనర్ గాలి వదిలే వైపును పొగగొట్టానికి గుడ్డతో బిగించి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లితే లీకు దానంతటదే బుడగలు చూపిస్తుంది.

ఇదే దశలో వేస్ట్‌గేట్ కూడా చూడాలి. ఈఏ888 మూడో తరంలో దాన్ని ఎలక్ట్రిక్ మోటార్ నడుపుతుంది. తక్కువ లోడులో అది తెరిచే ఉంటుంది, తొక్కగానే మూసుకోవాలి. లింకు అరిగి, ఐడిల్‌లో గలగలమంటూ, పూర్తిగా మూసుకోకపోతే గ్యాస్ పక్కదారి పడుతుంది. ఈ రాడ్‌ను చేత్తో తిప్పి బిగించే పాత పద్ధతి ఇక్కడ వద్దు. డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్‌లోని బేసిక్ సెట్టింగ్స్ నుంచి దాని స్థానాన్ని మళ్లీ నేర్పించాలి. గాలితో నడిచే పాత యాక్చుయేటర్లయితే రాడ్‌కు రెండు మూడు మిల్లీమీటర్ల ముందస్తు బిగువు ఉందో లేదో చూస్తే చాలు.

టర్బైన్‌కు ముందు ఇరుకుగా, వేడిగా, తర్వాత విశాలంగా

టర్బైన్‌ను తిప్పే శక్తి దాని ముందున్న పీడనానికీ, వెనకున్న పీడనానికీ మధ్య నిష్పత్తి నుంచి వస్తుంది. దానికి గ్యాస్ వేడి, పరిమాణం తోడవుతాయి. ముందువైపు గ్యాస్ చల్లబడకూడదు, విస్తరించి బలం పోగొట్టుకోకూడదు. వెనకవైపు మాత్రం అడ్డు ఎంత తక్కువుంటే అంత మంచిది. "ఇంజిన్‌కు కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి" అనే మాట షెడ్లలో తరచూ వినిపిస్తుంది. టర్బో తర్వాతి భాగానికి అది అసలు వర్తించదు.

అందుకే టర్బైన్ ముందు పొడవాటి, లావాటి ట్యూబులర్ మ్యానిఫోల్డ్ (సిలిండర్ల గ్యాస్‌ను ఒకచోట చేర్చే గొట్టాలు) పెడితే ఫొటోకు బాగుంటుంది, ల్యాగ్ పెరుగుతుంది. లోపలి ఘనపరిమాణం పెరుగుతుంది, పలచని గొట్టాలు వేడిని బయటికి వదిలేస్తాయి. రోడ్డు బండికి పొట్టి మ్యానిఫోల్డే మేలు. ట్విన్ స్క్రోల్ టర్బో (గ్యాస్ రెండు విడి దారుల్లో టర్బైన్‌కు చేరేది) అయితే 1-3-4-2 క్రమంలో పేలే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 1, 4 ఒక జత, 2, 3 ఇంకో జత. ఒక సిలిండర్ వదిలే గ్యాస్ దెబ్బ పక్క సిలిండర్‌లోకి తోసుకుపోకుండా ఈ ఏర్పాటు. మధ్య గోడ మ్యానిఫోల్డ్ నుంచి టర్బైన్ దాకా తెగకుండా ఉండాలి, ప్యాకింగ్‌లో కూడా. గోడ లేని ప్యాకింగ్ వేస్తే ట్విన్ స్క్రోల్ కోసం పెట్టిన ఖర్చంతా ఆ ఒక్క చోట కలిసిపోతుంది.

ఆక్టావియా యజమానులకు ఈ బాధ లేదు. ఈఏ888 మూడో తరంలో మ్యానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌లోనే పోతపోసి ఉంటుంది, చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి, టర్బో నేరుగా హెడ్‌కే బిగిస్తారు. హెడర్స్ (విడి ట్యూబులర్ మ్యానిఫోల్డ్) అమ్ముతామని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. టర్బో, హెడ్ మధ్య ప్యాకింగ్ బాగుంటే చాలు.

ముందువైపు అడ్డు ఎంత చెడ్డదో చెప్పడానికి అమెరికా సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ మంచి ఉదాహరణ. 2002 నుంచి 2005 వరకు అక్కడ అమ్మిన బండ్లలో టర్బోకు ముందుండే అప్‌పైప్‌లోనే ఒక చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్, పొగను శుభ్రం చేసే భాగం) ఉండేది. స్పూల్ ఆలస్యం కావడం ఒకెత్తు, అది పగిలితే ముక్కలు నేరుగా టర్బైన్ రెక్కల మీద పడడం ఇంకో ఎత్తు. ఆ బండ్ల మీద ట్యూనర్ల కన్ను డౌన్‌పైప్‌కన్నా ముందు అప్‌పైప్ మీదే పడేది.

డౌన్‌పైప్ నుంచి ఎంత ఆశించాలి

పైపులో అడ్డు వల్ల వచ్చే పీడనం గ్యాస్ ప్రవాహపు వర్గంతో పెరుగుతుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర పాత పైపులో 0.45 బార్ బ్యాక్ ప్రెషర్ ఉందనుకోండి. అదే బూస్ట్‌తో 2,000 దగ్గర ప్రవాహం మూడో వంతే, అంటే పీడనం తొమ్మిదో వంతు, 0.05 బార్. తీసేయడానికి అక్కడ ఏముంది? 4,000 దగ్గర మాత్రం అదే లెక్కన 0.2 బార్ ఉంటుంది. కాబట్టి డౌన్‌పైప్ థ్రెషోల్డ్‌ను కొంచెమే కిందికి జరుపుతుంది. గేరు మారాక, మలుపు నుంచి బయటికి వస్తూ మళ్లీ తొక్కినప్పుడు, ఆ మధ్య ఆర్‌పీఎం ల్యాగ్‌లోనే దాని ప్రతాపం. "1,500కే మొత్తం బూస్ట్" అని చెప్పే అమ్మకందారు ఈ లెక్క వేయలేదు, లేదా మీరు వేయరని అనుకున్నాడు.

క్యాట్ తర్వాతి సైలెన్సర్ భాగం మార్చాలా వద్దా తేల్చడానికి సులభమైన కొలత ఉంది. వెనక ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఎం18, 1.5 పిచ్ మరల అడాప్టర్ బిగించి, దానికి ఓ అరమీటరు ఉక్కు ట్యూబు, ఆపైన సిలికాన్ గొట్టం, చివర 0–1 బార్ గేజ్ తగిలించండి. సిలికాన్‌ను నేరుగా బంగ్‌కు (సెన్సర్ బిగించే మరల గూడుకు) తగిలిస్తే కరిగిపోతుంది. గొట్టం డ్రైవ్‌షాఫ్ట్‌కు చుట్టుకోకుండా కట్టండి. పూర్తి తొక్కుడులో రెడ్‌లైన్ దగ్గర అక్కడ 0.1 బార్ కన్నా తక్కువ వస్తే సైలెన్సర్ మార్చడం శబ్దం కోసమే. ఆ సెన్సర్ క్యాట్ తర్వాత ఉంటుంది కాబట్టి క్యాట్ కలిగించే అడ్డు ఈ కొలతలో లెక్కకు రాదని గుర్తుంచుకోండి. సాధారణంగా ఎక్కువ అడ్డు అక్కడే ఉంటుంది.

సైజు విషయంలో అత్యాశ వద్దు. 1.5 ఎంఎం గోడ ఉన్న రెండున్నర అంగుళాల పైపు లోపలి వైశాల్యం సుమారు 28.7 చదరపు సెంటీమీటర్లు, మూడంగుళాలది 42. అంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. స్టాక్ టర్బోతో 300 హార్స్‌పవర్ లోపు ఉండే ఆర్‌ఎస్‌కు మూడంగుళాల డౌన్‌పైప్, ఆపైన ఉన్న పైపులు ఉన్నట్టే చాలు. నాలుగంగుళాలు పెడితే వచ్చే లాభం ఏమీ లేదు, స్పీడ్ బ్రేకర్లకు తగలడం తప్ప. టర్బో ముఖం నుంచి పైపు ఒక్కసారిగా కాక, క్రమంగా లావెక్కాలి. టర్బైన్ నుంచి గ్యాస్ గిరగిర తిరుగుతూ వస్తుంది, మొదటి 20–30 సెంటీమీటర్లలో పదునైన వంపు ఉంటే అక్కడే నలిగిపోతుంది. వేస్ట్‌గేట్‌కు విడి గొట్టం ఉండాలా, కలిసిన గంట ఆకారం ఉండాలా అని గంటలు గంటలు వాదించుకుంటారు. స్పూల్ అవుతున్నప్పుడు వేస్ట్‌గేట్ మూసే ఉంటుంది. ల్యాగ్‌కు సంబంధించినంత వరకు ఆ వాదన అనవసరం.

పైపు 304 స్టెయిన్‌లెస్, 1.5 ఎంఎం గోడ. ఈ లోహం వేడికి బాగా సాగుతుంది. 600 డిగ్రీలు పెరిగితే మీటరుకు సెంటీమీటరు పైనే. అందుకే అల్లిక కవచంతో, లోపల లైనర్‌తో ఉండే ఫ్లెక్స్ జాయింట్ తప్పనిసరి. అది లేకపోతే ఆ సాగుడంతా టర్బో ఫ్లాంజ్ మీదో, వెల్డింగ్ మీదో పడి పగులుతుంది. స్థానికంగా చేయిస్తుంటే టిగ్ వెల్డింగ్, లోపలి నుంచి ఆర్గాన్ పంపిస్తూ చేసేవాడే కావాలి. లోపల ఆర్గాన్ లేకుండా చేస్తే అతుకు వెనకవైపు నల్లగా గరుకుగా బెల్లపు పొక్కులా మారుతుంది. ప్రవాహానికి అడ్డు, ముందుముందు పగులు. 304ను 304కు అతికేటప్పుడు 308ఎల్ తీగ, మైల్డ్ స్టీల్‌కు అతికేటప్పుడు 309ఎల్. సెన్సర్ బంగ్‌ను అడ్డంగా కాకుండా, సెన్సర్ తోక పైకి వచ్చేలా కనీసం 10 డిగ్రీల వాలుతో పెట్టించండి. లేకపోతే చల్లటి ఉదయాల్లో గొట్టంలో చేరిన నీటి చుక్క వేడి సెన్సర్‌ను పగలగొడుతుంది.

క్యాట్ తీసేయొచ్చా?

వద్దు. చట్టం ఒక కారణం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండి రూపురేఖలను, వివరాలను ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని ఒప్పుకోదు. కాలుష్యం, శబ్దం ప్రమాణాలు దాటితే సెక్షన్ 190(2) కింద పది వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. పీయూసీ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ పట్టిస్తుంది. అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ క్యాట్ తొలగింపును నిషేధిస్తుంది, కాలిఫోర్నియాలో అయితే కార్బ్ (అక్కడి వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) ఇచ్చిన ఈవో (అనుమతి) నంబరు లేని విడిభాగం పెట్టుకుంటే స్మాగ్ తనిఖీ దగ్గరే ఆగిపోతారు.

రెండో కారణం పనితనం. మంచి 200 సెల్ (చదరపు అంగుళానికి 200 రంధ్రాల) మెటాలిక్ క్యాట్‌కూ ఖాళీ గొట్టానికీ మధ్య స్పూల్‌లో తేడా మీ కాలికి తెలిసేంత ఉండదు. ఇంటి ముందు పచ్చి పెట్రోలు వాసన మాత్రం పక్కింటి వాళ్లకూ తెలుస్తుంది. చవక 200 సెల్ క్యాట్‌లలో పూత పలచన. కొన్ని నెలలకే పీ0420 కోడ్ (క్యాట్ సరిగా పనిచేయడం లేదనే హెచ్చరిక) వెలుగుతుంది. అప్పుడు సెన్సర్‌ను వెనక్కి జరిపే స్పేసర్ పెట్టమంటారు. అది ఈసీయూను మోసం చేయడమే, పొగను శుభ్రం చేయడం కాదు. కొనేటప్పుడే యూరో 6 స్థాయి పూత ఉన్నది అడగండి, అంతకన్నా చవకగా తేలే దారి లేదు. మీ బండిలో పెట్రోల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉంటే దాని పీడన సెన్సర్లు కూడా ఈ పైపుకే ఉంటాయి. దాన్ని కదపకుండా వదిలేయండి.

బిగించే పని

ముందు రోజు రాత్రే పాత బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టి పెట్టండి. బండి పూర్తిగా చల్లారాలి. రెండు స్తంభాల లిఫ్ట్ ఉంటే పని నాలుగైదు గంటలు, జాకీ స్టాండ్ల మీద అయితే రోజంతా. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందకు ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకండి.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఆక్సిజన్ సెన్సర్ల కనెక్టర్లు విప్పి, పక్కన చీలిక ఉన్న 22 ఎంఎం సాకెట్‌తో సెన్సర్లు బయటికి తీయండి. ఇంజిన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు సెన్సర్ మాత్రం తేలిగ్గా వదులుతుంది. మొండికేస్తే బలవంతం చేసి మరలు చెడగొట్టకుండా, కొంచెం బిగించి, మళ్లీ వదులు చేస్తూ తీయండి. కింది కవచం, కుడివైపు డ్రైవ్‌షాఫ్ట్ మీది వేడి కవచం తీశాక చోటు చాలకపోతే షాఫ్ట్ లోపలి ఫ్లాంజ్ బోల్టులు విప్పి పక్కకు కట్టండి. అవి పన్నెండు కోణాల ఎక్స్‌జెడ్‌ఎన్ తల ఉన్నవి. టార్క్స్ బిట్ పెట్టి తిప్పితే తల గుండ్రమైపోతుంది, ఆ తర్వాత వెల్డింగ్ వాడే దిక్కు. షాఫ్ట్‌ను కీలు మీద వేలాడదీయొద్దు, బూటు చిరుగుతుంది.

వెనక స్లీవ్ క్లాంపు, పైపు బ్రాకెట్లు విప్పాక చివరగా టర్బో దగ్గరి వీ-బ్యాండ్ (రెండు అంచులను కలిపి పట్టే పట్టీ) వదులు చేయండి. పైపు దిగగానే టర్బైన్ ముఖంలో శుభ్రమైన గుడ్డ కుక్కేయండి. పడిన ఒక్క వాషర్ చాలు. ఇదే సమయంలో టర్బైన్ చక్రాన్ని వేలితో కదిపి చూడండి. పక్కలకు కొద్దిగా కదలడం మామూలే, అంచు గోడకు తగలకూడదు. ముందుకూ వెనక్కూ ఆడితే టర్బోనే అయిపోయింది, కొత్త పైపు దాన్ని బతికించదు.

కొత్త పైపు ఎక్కించేటప్పుడు కొత్త ప్యాకింగ్, కొత్త వీ-బ్యాండ్ వాడండి. పాత బ్యాండ్ సాగిపోయి ఉంటుంది. అన్నీ వదులుగా తగిలించి, పైపు బరువు బ్రాకెట్ మీద పడేలా సర్దాక, టర్బో దగ్గర మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ రండి. వీ-బ్యాండ్‌ను కొంచెం బిగించి చుట్టూ రబ్బరు సుత్తితో తట్టి మళ్లీ బిగించండి, అప్పుడే గాడిలో సమంగా కూర్చుంటుంది. టార్క్ విలువలు మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ నుంచే తీసుకోండి. సెన్సర్‌కు సుమారు 50 న్యూటన్ మీటర్లు, మరల మీద మాత్రమే సన్నగా నికెల్ యాంటీసీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు), మొన మీద ఒక్క మరకైనా పడకూడదు. బ్రేక్ గొట్టాలు, స్టీరింగ్ బూటు, డ్రైవ్‌షాఫ్ట్ బూటు నుంచి పైపుకు కనీసం 25 ఎంఎం దూరం ఉండాలి. విప్పిన ప్రతి వేడి కవచం తిరిగి ఎక్కాలి. సబ్‌ఫ్రేమ్ కన్నా పైపు కిందికి దిగితే మన స్పీడ్ బ్రేకర్లు దాన్ని ఎక్కువ రోజులు బతకనివ్వవు. ఆ చోట గుండ్రటి పైపు బదులు అదే వైశాల్యం ఉన్న కోలపైపు పెట్టించండి.

వేడి చుట్టు

చుట్టు వల్ల ల్యాగ్‌లో అసలు లాభం టర్బైన్ ముందున్న భాగంలోనే. డౌన్‌పైప్‌కు చుట్టేది ముఖ్యంగా బానెట్ కింది వేడి తగ్గించడానికి. మూడంగుళాల పైపు చుట్టుకొలత సుమారు 24 సెంటీమీటర్లు. 50 ఎంఎం వెడల్పు పట్టీని పది ఎంఎం ఒకదాని మీద ఒకటి ఎక్కేలా చుడితే 60 సెంటీమీటర్ల పైపుకు 15 చుట్లు, దాదాపు మూడున్నర మీటర్లు. వంపుల కోసం ఐదు మీటర్లు ఉంచుకోండి. బసాల్ట్ పట్టీ పొడిగానే చుట్టొచ్చు. గ్లాస్‌ఫైబర్ అయితే చేతికి తొడుగు, ముక్కుకు మాస్క్ లేకుండా ముట్టుకోకండి, రెండు రోజులు దురద వదలదు. కట్టడానికి స్టెయిన్‌లెస్ టైలు మాత్రమే. ఫ్లెక్స్ జాయింట్‌ను చుట్టొద్దు. మైల్డ్ స్టీల్ పైపుకు చుడితే వానాకాలం తేమ లోపలే ఉండిపోయి తుప్పు పడుతుంది. టర్బో దుప్పటి టర్బైన్ గూడుకే పరిమితం, మధ్య బేరింగ్ భాగాన్ని కప్పితే ఆయిల్ మాడిపోతుంది. మొదటి రెండు మూడు ప్రయాణాల్లో చుట్టు పొగ వదులుతుంది. అది మామూలే. నూనె మరక మీద చుట్టి ఉంటే మాత్రం అది మామూలు పొగ కాదు, మంటకు తొలి సూచన.

స్టార్ట్ చేశాక

మొదటి ఐడిల్‌లోనే చెవితో వినండి, చేయి అడ్డం పెట్టి లీకు వెతక్కండి, కాలుతుంది. పదిహేను నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లార్చి, అన్ని క్లాంపులు మళ్లీ చూడండి. వంద కిలోమీటర్లకు ఇంకోసారి. క్యాట్ తర్వాత ఫ్లాంజ్ లీకైతే శబ్దమే. సెన్సర్‌కు ముందు లీకైతే బయటి గాలి లోపలికి పీల్చుకుని, మిశ్రమం పలచగా ఉందని ఈసీయూ పొరబడి పెట్రోలు ఎక్కువ పోస్తుంది.

అడ్డు తగ్గింది కాబట్టి అదే వేస్ట్‌గేట్ స్థానానికి ఇప్పుడు బూస్ట్ ఎక్కువ వస్తుంది. లాగ్‌లో వచ్చిన బూస్ట్ కోరినదాన్ని 0.1 బార్ కన్నా ఎక్కువ దాటుతుంటే ట్యూన్ (ఈసీయూ సాఫ్ట్‌వేర్ సర్దుబాటు) అయ్యేదాకా పూర్తిగా తొక్కకండి. గాలితో నడిచే చిన్న వేస్ట్‌గేట్ ఉన్న బండ్లలో ఇది మరీ ఎక్కువ. గేటు పూర్తిగా తెరిచినా బూస్ట్ పాకుతూనే ఉంటుంది. దానికి సాఫ్ట్‌వేర్ మందు లేదు, వేస్ట్‌గేట్ రంధ్రం పెద్దది చేయించాలి. ట్యూన్ చేయించేటప్పుడు రోజూ ఏ పెట్రోలు పోస్తారో ట్యూనర్‌కు నిజం చెప్పండి. ఎక్స్‌పీ100 (100 ఆక్టేన్ పెట్రోలు) మీద చేయించిన ఫైలుతో ఊరి బంకులో మామూలు పెట్రోలు పోసుకుంటే నాక్ (సిలిండర్‌లో అదుపు తప్పిన పేలుడు) వస్తుంది, ఇగ్నిషన్ వెనక్కి జరుగుతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. ర్యాలీ కార్ల యాంటీల్యాగ్ కూడా ఇలా ఇగ్నిషన్‌ను వెనక్కి జరిపి, పెట్రోలును ఎగ్జాస్ట్‌లో మండించే పద్ధతే. అక్కడ టర్బోలను తరచూ మార్చే బడ్జెట్ ఉంటుంది. ఆ ఫీచర్ రోడ్డు బండిలో పెడతానన్న ట్యూనర్ దగ్గర్నుంచి తాళం వెనక్కి తీసుకోండి.

తర్వాత అవే రెండు పరీక్షలు, అదే పెట్రోలు, ముందటి గాలి ఉష్ణోగ్రతకు ఐదు డిగ్రీల లోపు తేడా ఉన్న రోజున చేయండి. మూడు పరుగుల సగటులో తేడా, ఒకే పైపుతో చేసిన మూడు పరుగుల మధ్య ఉన్న తేడాకన్నా తక్కువైతే, చెవికి వినిపించే కొత్త శబ్దాన్నే మీరు పికప్ అనుకుంటున్నారు.